చిపిచిపి నెమ్మదించిన పంతొమ్మిది రోజులు

మా చిపిచిపి నెమ్మదించిందని నాకు మొట్టమొదట చెప్పినవాడు ఫ్రొయ్లాన్ ఇకాల్. ఫిబ్రవరి మొదటి వారంలో, కొబాన్ బజారులో టమాటా బుట్టల పక్కన ఎదురుపడ్డాడు.

"సెన్యో, మీ యంత్రానికి జలుబు చేసినట్టుంది. ఒక్కో పటం ఎక్కడానికి అరగంట పడుతోంది. మధ్యలో తెగిపోతోంది కూడా. ఇదివరకు రెండు నిమిషాల్లో పోయేది."

"జల్లుల కాలం కదా బాబూ. తెగితే మళ్లీ పంపు. ఓపిక పట్టు."

"ఓపిక మీ క్లాసులోనే నేర్చుకున్నాలెండి. ఒక్క మౌసుకి ముగ్గురం కొట్టుకునేవాళ్లం," అని నవ్వి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

నేను కొబాన్ బడిలో ఇరవై ఆరేళ్లు కంప్యూటర్లు నేర్పాను. రిటైరయ్యాక కూడా సగం ఊరు నన్ను సెన్యో ఎర్లిండా, అంటే ఎర్లిండా టీచరు, అనే పిలుస్తుంది. ఫ్రొయ్లాన్ నా దగ్గర చదువుకున్నవాడే. ఆ ఏడాది వాడికి ఇరవై తొమ్మిదేళ్లు. ఎగువన నది మీద ఆనకట్ట కడుతున్న కంపెనీలో సర్వే పని. పగలు వాళ్ల కోసం భూములు కొలిచేవాడు. ఇంటికొచ్చాక ఆ కొలతల నకళ్లు రాజధానిలో ఉన్న లాయర్లకు పంపేవాడు. కంపెనీ గీసిన గీత లోపల ఎన్ని పల్లెల చేలు పడ్డాయో ఆ పటాల్లో ఉంది. బయటికి చూపించిన పటాల్లో లేదు. వాడు పంపుతున్నాడని తెలిసింది నాకూ, నదీతీర పల్లెల సంఘం నడిపే డోన్యా మటీల్డెకూ మాత్రమే. వాడి భార్య డెల్ఫీనాకు కూడా తెలియదు.

వాడు పంపేది మా రిలే గుండా. ఇలాంటి యంత్రాలు ప్రపంచంలో వేలున్నాయి. అన్నీ జీతం నాతం లేకుండా వలంటీర్లు నడిపేవే. మనిషి పంపిన ఫైలు ఒకదాని తర్వాత ఒకటిగా మూడు రిలేల గుండా పోతుంది. మొదటిదానికి ఎవరు వచ్చారో తెలుస్తుంది కానీ ఎక్కడికి పోతున్నారో తెలియదు. చివరిదానికి ఎక్కడికో తెలుస్తుంది కానీ ఎవరో తెలియదు. మాది నేత మహిళల సహకార సంఘం వెనక గదిలో, నూలు మూటల పైన, గోడకు కొట్టిన చెక్క మీద ఉండేది. మా ఊళ్లో వారాల తరబడి పడే సన్నజల్లు పేరే దానికి పెట్టుకున్నాం, చిపిచిపి అని.

నడిపింది నేనూ, అబ్దియాస్ కాలూ. అబ్దియాస్ కేబుళ్లు లాగే పని చేసేవాడు, రేడియో ట్రాన్స్‌మిటర్లు బాగుచేసేవాడు. నలభై మూడేళ్లవాడు, ప్రార్థనా మందిరంలో గిటారు వాయించేవాడు. భార్య పోయింది. కూతురు నోయెమీ కార్చాలో నర్సు చదువుతోంది. ఏడేళ్లు మేమిద్దరం ఆ యంత్రాన్ని కలిసి సాకాం.

నేను చేసిన పని ఒకటుంది. అది ముందే చెప్పాలి. మొదటి రిలేను ఎవరూ సొంతంగా ఎంచుకోవద్దని, నెట్‌వర్క్ తనే ఎంచుకోవాలని ఆ నెట్‌వర్క్ నడిపేవాళ్లు పదే పదే చెబుతారు. నేను వినలేదు. మా లైన్ల మీద దూరదేశపు రిలేలు నత్తనడక నడిచేవి. మన యంత్రం, మన చేతులు, ఇంతకంటే నమ్మకమైంది ఏముంటుంది అనుకున్నాను. కొబాన్ చుట్టుపక్కల, పేరు బయటపడితే ముప్పున్న పదకొండు ఇళ్ల కంప్యూటర్లను, ఎప్పుడు వెళ్లినా ముందు చిపిచిపిలోకే వెళ్లేలా నా చేత్తో అమర్చాను. అబ్దియాస్ ఒకసారి అడిగాడు కూడా, "ఇలా చేయొద్దని రాశారు కదా సెన్యో?" అని. "వాళ్లకు కొబాన్ సంగతి ఏం తెలుసు?" అన్నాను.

ఫ్రొయ్లాన్ చెప్పిన రోజే వెళ్లి చూశాను. నిండా పారే రోజుల్లో సెకనుకు నలభై మెగాబిట్లు మోసే యంత్రం. ఇప్పుడు మూడు కూడా మోయడం లేదు. గ్రాఫు నాలుగైదు రోజుల కిందట కొండ మీంచి పడ్డట్టు పడింది.

మొదట కంగారు పడలేదు. నెట్‌వర్క్‌లో కొలిచే యంత్రాలు కొన్ని ఉంటాయి. అవి యూరప్‌లోనూ ఉత్తర అమెరికాలోనూ కూర్చుని, ప్రతి రిలే గుండా ఫైళ్లు లాగి చూసి దాని సత్తువకు ఒక అంకె వేస్తాయి. ఆ అంకెను బట్టే జనాన్ని మన వైపు పంపుతారు. అంత దూరం నుంచి కొలిస్తే మేమెప్పుడూ ఉన్నదానికంటే నెమ్మదిగానే కనిపిస్తాం. అంకె పడడం, లేవడం మామూలే. కానీ ఇంతలా పడడం ఏడేళ్లలో చూడలేదు.

అబ్దియాస్‌కు ఫోన్ చేస్తే నిచ్చెన మోసుకుని వచ్చాడు. పైకప్పు మీద లైను పెట్టె మూత తీసి, కిందికి చూసి అరిచాడు.

"చీమలు కాపురం పెట్టాయి సెన్యో. పిల్లాజెల్లాతో సహా!"

"వెళ్లగొట్టు మరి!"

చీమలను దులిపి, పాత కేబుల్ తీసేసి కొత్తది లాగాడు. లైను వేగం కొలిచాం. ఎంత రావాలో అంత వస్తోంది. రిలే మాత్రం మూడు దగ్గరే కూర్చుంది.

మర్నాటి నుంచి ఒక్కోటీ పట్టి చూశాను. ప్రాసెసర్ సగం ఖాళీగా ఉంది. మెమరీ చాలినంత ఉంది. గడియారం సెకను కూడా తేడా లేదు. వేగానికి నేను పెట్టిన హద్దు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. రూటర్ మార్చాను. లైను ఇచ్చేవాళ్లు మా రద్దీని తొక్కిపెడుతున్నారేమోనని, వేరే దారిన పెద్ద పెద్ద ఫైళ్లు పంపి చూశాను. గబగబా పోయాయి. ప్రోగ్రాం తీసేసి మళ్లీ వేశాను, రిలేకు గుర్తింపునిచ్చే కీ ఫైలు మాత్రం పాతదే ఉంచి. మార్పు లేదు.

ప్రతి రోజూ అబ్దియాస్ వచ్చేవాడు. అడిగింది చేసేవాడు. పది రోజులయ్యాక నేను నూలు మూట మీద కూలబడ్డాను.

"ఇక నాకు తోచడం లేదు అబ్దియాస్."

"దూరం సెన్యో, అంతే. ఆ కొలిచేవాళ్లంతా సముద్రానికి అవతల. వాళ్ల కంటికి మనం ఆనతామా? వదిలేయండి కొన్నాళ్లు."

"పదకొండు ఇళ్లవాళ్లు ఉన్నారయ్యా దీని మీద."

"అయితే మూసేద్దాం. పాతబడింది. మూసేసి కొత్తది పెట్టుకుందాం."

"మంచి యంత్రాన్ని ఎందుకు మూయడం?" అన్నాను. నేతగత్తెలు మాకిద్దరికీ ఆకుల్లో చుట్టి ఉడికించిన వేడి తయుయోలు పంపారు. అతను తన దాన్ని ఆకు కూడా విప్పకుండా పక్కన పెట్టాడు.

అప్పుడు నేను రిలేలు నడిపేవాళ్ల మెయిలింగ్ లిస్టుకు ఉత్తరం రాశాను. ఏమేం చూశానో అన్నీ రాసి, ఇంకేం చూడమంటారని అడిగాను. రెండు రోజులకు ముక్కూ మొహం తెలియని ఒక మనిషి జవాబిచ్చాడు. రెండే వాక్యాలు. "మీరు ఇల్లు మారుతున్నారా? మీ రిలే ఇంటర్నెట్ చిరునామా రోజుకు మూడు నాలుగు సార్లు మారుతోంది, చూసుకోండి."

నేను ఇల్లు మారడమేమిటి? నెట్‌వర్క్ గంట గంటకూ ప్రకటించే జాబితాలు పాతవి దించి, చిపిచిపి ఉన్న వరుసను వెతికి పక్కపక్కన పెట్టాను. ఉదయం మా చిరునామా. మధ్యాహ్నం ఇంకొకటి. సాయంత్రం మళ్లీ మాది. పేరు అదే, గుర్తింపు సంఖ్య అదే. రెండో చిరునామా రాజధానిలో ఎవరో అద్దెకు తీసుకున్న యంత్రానిది.

ప్రతి రిలేకు ఒక రహస్య కీ ఉంటుంది. ఒక పేజీ కూడా నిండని చిన్న ఫైలు. అది ఎవరి యంత్రంలో ఉంటే నెట్‌వర్క్ లెక్కలో వాళ్లే చిపిచిపి. ఒకే కీతో రెండు యంత్రాలు నేనంటే నేనని చాటుకుంటుంటే, కొలిచేవాళ్లు వెళ్లేసరికి అక్కడ ఒకసారి ఒకటి, ఒకసారి ఇంకొకటి. అంకె పడిపోక ఏమవుతుంది? యంత్రంలో ఏ లోపమూ లేదు. నేను పన్నెండు రోజులు వెతికింది యంత్రంలో.

ఆ ఫైలుకు రెండే ప్రతులు. ఒకటి యంత్రంలో ఉంది. రెండోది, నేత సంఘం గది ఎప్పుడైనా కాలిపోతే పనికొస్తుందని నేనే పెన్‌డ్రైవ్‌లో వేసి అబ్దియాస్‌కు దాచమని ఇచ్చాను.

అతను మధ్యాహ్నం వచ్చాడు. నేను రెండు చిరునామాలూ తెరమీద పెట్టి కుర్చీ జరిపాను. చూశాడు. చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ పెట్టెలో పెట్టి, పెట్టె మూసి, దాని మీదే కూర్చున్నాడు.

"ఎప్పుడిచ్చావు?" అన్నాను.

"ఒకటో తారీఖున. కందెలారియా పండుగ ముందు రోజు."

"ఎవరికి?"

"పేర్లు చెప్పలేదు. ఇద్దరు. పని ఉందని పిలిస్తే వెళ్లాను. బండిలో కూర్చోబెట్టి నోయెమీ ఫొటోలు చూపించారు. బస్సెక్కుతోంది. కాలేజీ గేటు దగ్గర. మా చెల్లెలింట్లో బట్టలారేస్తోంది. చాలా ఉన్నాయి సెన్యో. ఎన్నాళ్లుగానో తీసినవి."

"నాకు చెప్పొచ్చు కదా."

"చెబితే ఆపేసేవారు మీరు. ఆపితే వాళ్లకు తెలిసిపోయేది." మొహం రెండు చేతులతో రుద్దుకున్నాడు. "లోపలి మాటలు ఎవరికీ కనపడవని మీరే చెప్పారు. మొదటి రిలేకు ఎవరొచ్చారో మాత్రమే తెలుస్తుందని చెప్పారు. అంతే కదా, వచ్చేది ప్రపంచమంతా కదా అనుకున్నా. వేలమందిలో ఎవర్ని పోల్చుకుంటారు అనుకున్నా."

"కొబాన్ నుంచి వచ్చేది పదకొండు ఇళ్లే, అబ్దియాస్."

"అది నాకు తర్వాత తట్టింది. వాళ్లకు ముందే తట్టింది."

అతణ్ణి కొట్టాలనిపించింది. కానీ ఆ పదకొండు ఇళ్లనూ ఆ దారిలో పెట్టింది ఎవరు? ఫ్రొయ్లాన్‌కు బజారులో నేనిచ్చిన సలహా గుర్తొచ్చింది. తెగితే మళ్లీ పంపమన్నాను. వాడు నా మాట విని, తెగినప్పుడల్లా మళ్లీ వెళ్లి ఉంటాడు. వెళ్లిన ప్రతిసారీ వాడి ఇంటి లైను చిరునామా ఆ రాజధాని యంత్రంలో నమోదై ఉంటుంది. పంతొమ్మిది రోజులు.

యంత్రం తీగ పీకేశాను. ఆ కీని ఇక ఎవరినుంచీ ఒప్పుకోవద్దని నెట్‌వర్క్‌వాళ్లకు రాశాను. తర్వాత డోన్యా మటీల్డె దగ్గరికి పరుగెత్తాను. అరవై ఆరేళ్ల మనిషి, పొయ్యి ముందు కూర్చుని యాలకులు ఏరుతోంది. సంగతంతా నిలబడే చెప్పాను. అబ్దియాస్ పేరూ చెప్పాను.

"వాడి ఏడుపు తర్వాత. నీదీ తర్వాతే," అంది లేస్తూ. "ఫోన్ ముట్టుకోకు. నడువు. కార్చా వైపు నేను పోతా, చమెల్కో వైపు నువ్వు పో. ముందు ఆ కుర్రాడింటికి."

ఫ్రొయ్లాన్ ఇల్లు చమెల్కోలో. మినీబస్సులో ఇరవై నిమిషాలు. డెల్ఫీనా వాకిట్లో బట్టలుతుకుతోంది.

"పనికి పోయాడు సెన్యో. ఎగువన ఏదో గట్టు మళ్లీ కొలవాలని పొద్దున్నే ఫోనొచ్చింది. ఏమైంది, అలా ఉన్నారు?"

"ఎవరు చేశారు ఫోన్?"

"ఆఫీసువాళ్లే అనుకుంటా. ఎప్పుడూ చేసే ఆయన కాదన్నాడు."

మీ అమ్మకు ఒంట్లో బాలేదు వెంటనే రమ్మని చెప్పమని, ఆమె చేతే ఫోన్ చేయించాను. మోగలేదు. మళ్లీ చేసింది. ఆపేసి ఉంది. అయిదోసారికి ఆమెకు నా మొహం చూసి ఏదో ఘోరం జరిగిందని అర్థమైనట్టుంది. సబ్బు చేతులతోనే నా మణికట్టు పట్టుకుంది.

"సెన్యో, తను ఏం చేశాడు?"

"తప్పేం చేయలేదమ్మా," అన్నాను. అప్పటికి అంతకంటే చెప్పలేకపోయాను.

చీకటి పడేలోగా మిగతా పదిళ్లకూ కబురు చేరింది. ఇద్దరు ఊరు వదిలారు. రేడియో నడిపే ఒక అమ్మాయి కంప్యూటర్ బావిలో పడేసింది. అందరూ బతికే ఉన్నారు.

ఫ్రొయ్లాన్ మూడో రోజు దొరికాడు. ఎగువ దారిలో మలుపు కింద, లోయలో, మోటార్‌సైకిల్ పక్కన. జల్లుకు రోడ్డు జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. హెల్మెట్ సీటు వెనక తాడుతో కట్టి ఉంది. వీధి చివర కొట్టుకు పోవాలన్నా హెల్మెట్ పెట్టుకునేవాడని చమెల్కోలో ఎవర్ని అడిగినా చెబుతారు. పోలీసులు అడగలేదు. శవం ఇంటికి రాకముందే కంపెనీ నుంచి ఇద్దరొచ్చి, ఆఫీసు కంప్యూటర్ అంటూ వాడి సొంత కంప్యూటర్ కూడా పట్టుకుపోయారు. వాడు పంపాల్సిన పటాలు నలభై ఆరు. లాయర్లకు చేరినవి ముప్ఫై ఒకటి.

తొమ్మిది రోజుల ప్రార్థనలు జరిగాయి. నేను రోజూ వెళ్లి తమాలెలకు మొక్కజొన్న పిండి కలిపాను, కప్పులు కడిగాను. చివరి రోజు జనం తగ్గాక డెల్ఫీనాను వంటింట్లో కూర్చోబెట్టి నా వంతు చెప్పాను. పటాల సంగతి, రిలే సంగతి, వద్దన్నా వాడి కంప్యూటర్‌ను నేనే అలా అమర్చిన సంగతి, మళ్లీ మళ్లీ పంపమన్న సంగతి.

"ప్రమాదమని తనకు తెలుసా?" అంది డెల్ఫీనా.

"తెలుసు. కానీ ఈ దారి భద్రమని నేను చెప్పాను. నమ్మాడు."

"నాకెందుకు చెప్పలేదు తను?"

"నీకు తెలియకపోతే నీ జోలికి రారని."

"అంటే మీ ఇద్దరికీ తెలుసు, నాకు తప్ప," అంది. లేచి, నేను కడిగిన కప్పులు మళ్లీ ఒక్కోటీ కడగడం మొదలుపెట్టింది. నేను వచ్చేశాను. అబ్దియాస్ పేరు ఆమెకు చెప్పలేదు. అతను చెప్పాల్సింది నేనెలా చెబుతాను అనుకున్నాను. అది న్యాయమో పిరికితనమో ఇప్పటికీ తెలియదు.

మే నెలలో అబ్దియాస్ మా ఇంటికి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నోయెమీని సలామాలో మా మేనత్త దగ్గరికి పంపేశాను. అంతా చెప్పేశాను దానికి. నాతో మాట్లాడడం లేదు. ఇప్పుడు నేను ప్రాసిక్యూటర్ ఆఫీసుకు వెళ్లి చెబుతా. మీరొస్తారా సెన్యో? నాకు మధ్యలో నోరు పడిపోతే మీరు చెప్పాలి."

"చెప్పాక నిన్ను వదలరు. నీకు తెలుసుగా."

"తెలుసు."

వెళ్లాం. గుమాస్తా టైపు చేస్తూ అడిగాడు. "పోయిన సొత్తు ఏమిటి?"

"ఒక ఫైలు," అన్నాడు అబ్దియాస్. "పోలేదు. నేనే ఇచ్చాను."

"ఇష్టపడి ఇచ్చారా?"

"నా కూతురి ఫొటోలు చూసి ఇచ్చాను."

"ఫొటోలు తీయడం నేరం కాదు కదండీ. కొట్టారా? తుపాకి చూపించారా?"

"లేదు. మర్యాదగా మాట్లాడారు. నీళ్లు కూడా ఇచ్చారు."

గుమాస్తా టైపు చేయడం ఆపి మా ఇద్దరినీ చూశాడు. నేను పాత జాబితాలన్నీ బల్ల మీద పరిచి, రెండు చిరునామాలూ, తేదీలూ, గంటలూ వరుసగా చూపించాను. బడిలో చెప్పినట్టే చెప్పాను. అతను చెడ్డవాడు కాదు, విన్నాడు. మూడు గంటలు పట్టింది. అబ్దియాస్ తన పూర్తి పేరుతో సంతకం పెట్టాడు.

"కానీ చనిపోయినతని ఫైలు రోడ్డు ప్రమాదాల విభాగంలో ఉంది. అదీ ఇదీ కలిపితేనే దీనికి అర్థం. కలపాలంటే కుటుంబం నుంచి అర్జీ కావాలి," అన్నాడు గుమాస్తా.

కాబట్టి ఆ మధ్యాహ్నమే చమెల్కో వెళ్లాం. తలుపు అబ్దియాసే తట్టాడు. డెల్ఫీనా తీసింది. నన్ను చూసి, అతణ్ణి చూసింది. అతను వాకిట్లో టోపీ తీసి నిలబడి, ఏదీ దాచకుండా, ఎవరి మీదా పెట్టకుండా, తను చేసింది మొదటినుంచీ చెప్పాడు. ఆమె గుమ్మం పట్టుకుని విన్నది. మధ్యలో ఒక్కసారే అడిగింది.

"నీ కూతురు బాగుందా?"

"బాగుంది."

"ఊఁ," అంది.

అతను అర్జీ కాగితం చాచాడు. ఆమె అతని చేతిలోంచి తీసుకోలేదు. నేను తీసుకుని ఇచ్చాను. లోపలికి వెళ్లి బల్ల మీద పెట్టుకుని, ప్రతి అక్షరం చదివి, సంతకం పెట్టి తెచ్చి నాకిచ్చింది.

"వీటికోసం మీరు రండి సెన్యో, ఎన్నిసార్లయినా. ఇతను ఈ గుమ్మం దాటకూడదు," అని తలుపు వేసుకుంది.

ఆగస్టులో రెండు ఫైళ్లూ కలిపారు. ఇంతవరకు విచారణకు ఎవరినీ పిలవలేదు. అబ్దియాస్ కొబాన్‌లోనే ఉన్నాడు, కేబుళ్లు లాగుతున్నాడు. రోజూ సాయంత్రం ఇల్లు చేరగానే డోన్యా మటీల్డెకు ఫోన్ చేసి, క్షేమంగా చేరానని చెప్పి పెట్టేస్తాడు. ఆమె సరేనంటుంది. అంతకుమించి వాళ్లిద్దరి మధ్య ఇంకే మాటా ఉండదు.